మూడో మాట

డాక్టరు కుర్రాడు మూడు మాటలిచ్చాడు:
గొడుగు, రైలు, ఇంకొకటి.
"కాసేపాగి అడుగుతాను, దాచిపెట్టుకోమ్మా" అన్నాడు,
చిల్లర కొంగున ముడేసుకోమన్నంత తేలిగ్గా.

నూరులోంచి ఏడు తియ్యమన్నాడు. తీశాను.
తొంభై మూడులోంచి ఏడు. తీశాను.
గడియారం బొమ్మ గియ్యమన్నాడు,
ముళ్ళతో సహా గీశాను.
అప్పుడడిగాడు.
కొంగు తడిమితే గొడుగుంది, రైలుంది.
మూడో ముడి విప్పేసి ఉంది.

"అరవై దాటాక ఒక మాట జారితే జబ్బేం కాదు.
బీపీ మాత్ర మానకు" అని చీటీ రాసి పంపాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు అనాటమీ మ్యూజియంలో
అటెండరుని నేను.
జాడీల దుమ్ము తుడిచాను, మందునీళ్ళు మార్చాను,
కిలో పైన పావు తూగే మెదళ్ళని
నెల బిడ్డల్లా రెండు చేతులా మోశాను.
విద్యుల్లత మేడం చాకుతో మడత విప్పి చూపించేది:
"ఇదిగో వరహాలూ, సముద్రపు గుర్రం.
కొత్త సంగతేదైనా ముందు దీని గుమ్మం తొక్కాలి."
చిటికెన వేలంత ఉండేది, ముడుచుకుని.
పెదజాలరిపేట వలల్లో అప్పుడప్పుడూ చిక్కే ఆ గుర్రం
ఉప్పునీళ్ళొదిలి మన పుర్రెలోకి ఎప్పుడీదిందో!
రోజూ నడిచేవాళ్ళకిది కాస్త పెరుగుతుందట.
ఎంత అంటే, మేడం రెండు వేళ్ళ మధ్య
కొంచెం గాలి చూపించేది.

ఆ కొంచెం గాలి కోసం
తెల్లారి అయిదింటికి బీచ్ రోడ్డెక్కుతున్నాను.
బళ్ళు ఆపేసిన రోడ్డు, నిద్రమొహం కెరటాలు.
కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి
సముద్రాన్ని మరిచిపోయి ఒడ్డున కూర్చున్న
జలాంతర్గామి దాకా.
దాన్ని చూసినప్పుడల్లా
అడుగు కాస్త జోరుగా వేస్తాను.

రాత్రి ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూతేస్తాను.
నిద్రలో మెదడు సందుల్లోకి నీరొచ్చి
పగటి చెత్త కడుక్కుపోతుందని కదా చెబుతారు,
పూర్ణా మార్కెట్ కట్టేశాక
చీపుళ్ళొచ్చినట్టు.
మెలకువగా ఉండి వాళ్ళ పని చెడగొట్టడమెందుకు?

ఎండు నెత్తళ్ళు వారానికొక్కసారే.
ఇదొక్కటే ఏడిపిస్తోంది.

పక్క వాటా సుభద్ర దగ్గర ఒడియా దిద్దుతున్నాను.
ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో గొడుగు!
తప్పు రాస్తే ఆవిడ కూతురు పగలబడి నవ్వుతుంది.
ఆ నవ్వుకి బుర్రలో ఎక్కడో
కొత్త తీగ ఒకటి పాకుతున్నట్టుంటుంది,
నిజమో, నా వెర్రో.

వన్‌టౌన్‌లో మా కిటికీ గట్టు పొద్దున్న తుడిస్తే
సాయంత్రానికి మళ్ళీ నలుపు.
హార్బరు మీంచి వచ్చే బొగ్గు పొడి.
తడిగుడ్డకంటిన మసి చూసి
ఇంతే కదా లోపలా పేరుకునేది అనుకుంటాను.
దానికి మాత్రం
నా దగ్గర ఏ అలవాటూ లేదు.

తొమ్మిదో రోజు, ఆదివారం.
పోలమ్మ గంప దించి కానాగంతలు తిరగేస్తోంది.
"ఏటి కావాలి వరాలప్పా?"
చేతికంటిన నీచు వాసన ముక్కుదాకా వచ్చింది.
ఆ వాసన వెనకాలే, ఎవరో తోసినట్టు,
"నిమ్మకాయ!" అన్నాను గట్టిగా.
"నాను చేపలమ్ముతాను గానీ
నిమ్మకాయలమ్ముతానేటి?" అంది.
వీధంతా వినపడేలా నవ్వాను.
కాసేపన్న డాక్టరు కుర్రాడి గడువు
ఎప్పుడో దాటిపోయింది.
ఎవరికప్పజెప్పను దీన్ని?

నాలుగు చేపలు సంచీలో వేసుకుని
నిమ్మకాయ, నిమ్మకాయ అనుకుంటూ మెట్లెక్కాను.
తలుపు తాళం తీశాక గుర్తొచ్చింది,
పోలమ్మకి డబ్బులివ్వలేదు.

ఫర్లేదు, రేపు పైసాతో సహా అడుగుతుంది.
వీధివీధంతా ఆవిడకి బాకీ.
ఇరవై ఏళ్ళుగా
పద్దు పుస్తకమే లేదు.